విచారణ గురువుకు బ్యూగిల్ రానక్కర్లేదు

2025 ఆగస్టులో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో, లూకాస్ ఆయిల్ స్టేడియంలో బోస్టన్ క్రూసేడర్స్ అనే బృందం డ్రమ్ కోర్ ప్రపంచ టైటిల్ గెలిచింది. డ్రమ్ కోర్ అంటే బూరలూ డ్రమ్ములూ వాయిస్తూ మైదానంలో కవాతు చేసే కుర్రాళ్ల బృందం. పుట్టిన 85 ఏళ్లకు దక్కిన మొదటి టైటిల్ అది. అంతకు ఏడాదిన్నర ముందు, 2024 జనవరిలో, అదే టైటిల్‌ను పదిసార్లు గెలిచిన ‘ది కెడెట్స్’ దివాలా తీస్తున్నామని ప్రకటించి మూతపడింది. 1980లలో జరిగిందంటూ వచ్చిన లైంగిక దాడి ఆరోపణల మీద కోర్టు ఖర్చులు మోయలేకపోయామని చెప్పింది. ఈ రెండు వార్తలనూ ఎక్కడికక్కడ విడివిడిగా రాశారు. ఒకచోట ఓపిక ఫలించిందన్నారు, ఇంకోచోట పాపం పండిందన్నారు. నాకు మాత్రం రెండూ ఒకే కథలా కనిపిస్తున్నాయి. ఈ రెండు బృందాలూ కతోలిక చర్చి పిల్లల కోసం పుట్టినవే. కెడెట్స్ 1934లో న్యూజెర్సీలోని గార్ఫీల్డ్ ఊళ్లో హోలీ నేమ్ చర్చి పిల్లలతో మొదలైంది. క్రూసేడర్స్ 1940లో బోస్టన్ నగరంలోని హైడ్ పార్క్‌లో మోస్ట్ ప్రెషస్ బ్లడ్ చర్చి పిల్లలతో మొదలైంది. చర్చి గడప దాటి బయటికొచ్చిన రోజున ఇవి ఏం పోగొట్టుకున్నాయి? ఒకటి గెలిచినప్పుడూ ఎవరూ అడగలేదు, ఇంకొకటి చచ్చిపోయినప్పుడూ ఎవరూ అడగలేదు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఒక యజమానిని పోగొట్టుకున్నాయి. సంగీతం గురించి ఏమీ తెలియని యజమానిని. పిల్లలు నేర్చుకునే కళకు అంతకంటే మంచి యజమాని దొరకడు.

అమెరికాలో పిల్లలను హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లో చేర్చిన తెలుగు తల్లిదండ్రులకు డ్రమ్ కోర్ గురించి చెప్పక్కర్లేదు. తెలియనివారికి ఒక్క మాట. మన బ్యాండ్ మేళంలోంచి క్లారినెట్, సాక్సోఫోన్ తీసేయండి. ఊదే ఇత్తడి బూరలూ, కొట్టే డ్రమ్ములూ, తిప్పే జెండాలూ మాత్రమే మిగలనివ్వండి. ఆ మిగిలినవాళ్లంతా ఫుట్‌బాల్ మైదానంలో పది పన్నెండు నిమిషాల పాటు వాయిస్తూ, నడుస్తూ, వరసలు కలుపుతూ విడదీస్తూ పోటీ పడతారు. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919లో అమెరికన్ లీజియన్ పెట్టుకున్నారు. ఆ సంఘమూ, వీఎఫ్‌డబ్ల్యూ అనే మరో మాజీ సైనికుల సంఘమూ ఈ పోటీలకు ఊపిరి పోశాయి. పోటీలు పెట్టింది సైనికులైతే, తూర్పు తీరంలో పిల్లలను పంపింది ఎక్కువగా చర్చిలే. షికాగోలో బిషప్ బెర్నార్డ్ షీల్ 1930లో కతోలిక యువజన సంస్థ సీవైవో మొదలుపెట్టారు. బాక్సింగ్‌తో, బాస్కెట్‌బాల్‌తో పేరు తెచ్చుకున్న ఆ సంస్థ గొడుగు కిందికి డ్రమ్ కోర్‌లు కూడా చేరాయి. 1960ల నాటికి సీవైవోకు సొంతంగా జాతీయ పోటీలే ఉండేవి.

నేను జెర్సీ సిటీలో ఉంటాను. మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నాడు. ఎనభై దగ్గర పడుతోంది. కుర్రతనంలో పక్క ఊళ్లోని ఒక చర్చి డ్రమ్ కోర్‌లో కింది స్థాయిలో పలికే బారిటోన్ బ్యూగిల్ ఊదాడు. పోయిన చలికాలం ఆయన ఇంటి ముందు మంచు ఎత్తి పోసినందుకు నన్ను లోపలికి పిలిచి, అటక మీంచి దాన్ని దించి చూపించాడు. నేను అప్పటిదాకా బ్యూగిల్ అంటే ఎన్‌సీసీ పెరేడ్‌లో ఊదే చిన్న బూర అనే అనుకున్నాను. ఇది నా మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా ఉంది. దాని మీద అడ్డంగా బిగించిన పిస్టన్ ఒక్కటంటే ఒక్కటే. దాన్ని బొటనవేలితో నొక్కాలి. ఆ బొటనవేలు ఆనేచోట పూత మొత్తం అరిగిపోయి లోపలి ఇత్తడి కనిపిస్తోంది. “ఇది నాది కాదు. చర్చిది. తిరిగి ఇచ్చేలోపు ఇవ్వడానికి ఎవరూ మిగల్లేదు” అన్నాడు.

ఆ ఒక్క పిస్టన్‌లోనే ఆ కాలపు సంగీత రహస్యమంతా ఉంది. ట్రంపెట్‌కు ఇలా నొక్కే వాల్వులు మూడుంటాయి, అన్ని స్వరాలూ పలుకుతాయి. ఈ జి శ్రుతి బ్యూగిల్‌కు నొక్కకుండా వచ్చే స్వరాలు కొన్ని, నొక్కితే వచ్చేవి కొన్ని. కింది స్థాయిలో కొన్ని స్వరాలు అసలు పలకనే పలకవు. కాబట్టి ఒక పాటను ఒక్క పిల్లాడు మొదటినుంచి చివరిదాకా ఊదలేకపోయేవాడు. పాట కట్టేవాళ్లు దాన్ని ముక్కలు చేసి పంచేవాళ్లు. పై స్థాయిలో పలికే సొప్రానో వరస దగ్గర ఆగిన పాటను బారిటోన్ వరస అందుకోవాలి. పక్కవాడు ఊదకపోతే నీ స్వరానికి అర్థం లేదు. పెద్దాయన గోడవైపు చూస్తూ తన వంతు ముక్క కూనిరాగం తీశాడు. మధ్యలో రెండు అక్షరాల కాలం ఆగాడు. ఆ ఖాళీ తన పక్కన నిలబడే కుర్రాడిదట. అరవై ఏళ్ల తరవాత కూడా ఆయన ఆ ఖాళీని నింపలేదు.

పోటీలు ఎలా జరిగేవో ఆయన చెబుతుంటే నాకు ఒళ్లు గగుర్పొడిచింది. తుపాకీ పేలితే మొదలు, మళ్లీ పేలితే ముగింపు. బృందం ఎన్ని నిమిషాలు మైదానంలో ఉండాలో లెక్క ఉండేది, తప్పితే కోత. న్యాయనిర్ణేతలు పైన ఎక్కడో కూర్చునేవాళ్లు కారు. అట్టముక్క చేతబట్టి పిల్లల మధ్యలోకే వచ్చేసేవాళ్లు. స్నేర్ డ్రమ్ముల వరస ముందు నడుం వంచి, పుల్లలు పడే చోట దాదాపు చెవి పెట్టి వినేవాళ్లు. ఒక పుల్ల వెంట్రుకవాసి ఆలస్యంగా పడితే పెన్సిల్‌తో ఒక గీత. దాన్ని టిక్ అనేవాళ్లు. ఒక్కో టిక్‌కు పదోవంతు మార్కు పోతుంది. తప్పులు లెక్కపెట్టే ఆ మార్కుల్లో కిందికి దిగడమే తప్ప పైకెక్కడం అనేది లేదు. 1984లో ఈ పద్ధతి ఎత్తేశారు. “వాడి బూట్లు కనిపించేవి. తల ఎత్తకూడదు కాబట్టి బూట్లే చూసేవాణ్ని. బూట్లు ఆగితే గీత పడిందని అర్థం” అన్నాడు పెద్దాయన.

మా ఇంటికి కాస్త దూరంలో ఒకప్పుడు రూజ్‌వెల్ట్ స్టేడియం ఉండేది. 1937లో తెరిచారు, 1985లో కూలగొట్టారు. ఇప్పుడు అక్కడ గేటు వేసిన ఇళ్ల సముదాయం ఉంది. 1946 ఏప్రిల్ 18న నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ తెల్లవాళ్ల లీగ్‌లో మొదటి మ్యాచ్ ఆడింది ఆ మైదానంలోనే కాబట్టి బేస్‌బాల్ అభిమానులు దాన్ని మర్చిపోరు. ‘డ్రీమ్ కాంటెస్ట్’ పేరుతో డ్రమ్ కోర్‌ల పోటీ జరిగింది కూడా అక్కడే. బేయోన్ నుంచి సెయింట్ విన్సెంట్స్ కెడెట్స్, గార్ఫీల్డ్ నుంచి హోలీ నేమ్ కెడెట్స్, నెవార్క్ నుంచి బ్లెస్డ్ శాక్రమెంట్ గోల్డెన్ నైట్స్. ఈ మూడు ఊళ్ల మధ్య కారులో గంట ప్రయాణం కూడా ఉండదు. బోస్టన్ వైపు వెళితే డార్చెస్టర్‌లో సెయింట్ కెవిన్స్ ఎమరాల్డ్ నైట్స్, బెవర్లీలో సెయింట్ మేరీస్ కార్డినల్స్, రెవీర్‌లో ఇమాక్యులేట్ కన్సెప్షన్ రెవరీస్. ఈ పేర్లు ఒకసారి పైకి చదివి చూడండి. ప్రతి పేరులోనూ ఒక పునీతుడో, ఒక గుడో ఉంది. పేరు వింటే ఆ పిల్లలు ఏ వీధివాళ్లో తెలిసిపోయేది.

ఇక నేను అసలు వాదనకు వస్తాను. ఈ చర్చిల ఫాదర్లలో ఎక్కువమందికి బ్యూగిల్ ఊదడం రాదు. డ్రమ్ రుడిమెంట్, అంటే పుల్లలతో వాయించే మొదటి పాఠాలు, ఏమిటో తెలీదు. పెద్దాయన చర్చి ఫాదర్‌కయితే సాధన శబ్దానికి తలనొప్పి వచ్చేదట. అయినా మంగళవారం, గురువారం సాయంత్రం హాలు తాళం తీసి ఉండేది. చర్చిలో బింగో ఆట ఆడించిన రాత్రి వచ్చిన డబ్బులోంచి బూరలు కొన్నారు. తల్లులు యూనిఫారాలు కుట్టారు, జెండాలకు అంచులు వేశారు. నేర్పడానికి బయటి నుంచి మాస్టర్లు వచ్చారు. వాళ్లలో యుద్ధం నుంచి తిరిగొచ్చి పగలంతా ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు ఉండేవాళ్లు. ఫాదర్ చేసిందల్లా ఒక్కటే, ‘వీళ్లు మా పిల్లలు’ అనడం.

ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ మొత్తం అక్కడే ఉంది. సంగీతం తెలిసినవాడు యజమాని అయితే ముందు మంచి సంగీతం కావాలంటాడు. మంచి సంగీతం కావాలంటే మంచి వాయిద్యగాళ్లు కావాలి. అప్పుడు పరీక్ష పెట్టి ఎంచుకోవాలి. ఎంచుకోవడానికి వీధి చాలదు, ఊరు చాలదు, చివరికి దేశమంతా గాలించాలి. వచ్చినవాళ్లకు బస, తిండి, బస్సులు, జీతాలు తీసుకునే మాస్టర్లు. ఖర్చు పెరిగితే ఆ ఖర్చు పిల్లాడి తండ్రి మీద పడుతుంది. ఏ మెట్టు దగ్గరా ఎవరూ తప్పు చేయలేదు. ప్రతి మెట్టూ సంగీతం మీద ప్రేమతో ఎక్కిందే. కానీ పైకెక్కి కిందికి చూస్తే వీధిలో పిల్లాడు లేడు. సంగీతం తెలియని ఫాదర్ మాత్రం ఆ మొదటి మెట్టే ఎక్కడు. ఆయనకు టైటిల్ కంటే గురువారం సాయంత్రం ఆ అరవైమంది కుర్రాళ్లు ఎక్కడున్నారన్నది ముఖ్యం. తాళంలో ఏ పుల్ల ఆలస్యమైందో ఆయనకు వినిపించదు. ఏ కుర్రాడు రెండు వారాలుగా రావడం లేదో ఆయనకు తెలుస్తుంది, ఆ కుర్రాడి తల్లి ఆదివారం పూజకు వస్తుంది కాబట్టి.

ఒక చర్చినీ దాని పరిధిలోని జనాన్నీ కలిపి ఇంగ్లిష్‌లో పారిష్ అంటారు. తెలుగు కతోలికులు దాన్ని విచారణ అంటారు. పారిష్ ఫాదర్‌ను విచారణ గురువు అంటారు. చిన్నప్పుడు మా ఊరి మిషన్ స్కూల్ గేటు మీద ఈ మాట చూసి, పోలీసు విచారణ లాంటిదేదో అనుకుని భయపడేవాణ్ని. తరవాత ఒక సిస్టర్ చెప్పింది. విచారించడం అంటే బాగోగులు అడిగి తెలుసుకోవడం అని. మన పల్లెల్లో ఇప్పటికీ ‘ముసలామెను విచారించేవాళ్లు లేరు’ అంటాం. పారిష్ అనే మాటకు ఇంత సరైన తెలుగు మాట ఎవరు పెట్టారో కానీ వాళ్లకు చేతులెత్తి నమస్కరించాలి. ఆ డ్రమ్ కోర్‌ల వెనక ఉన్నది సరిగ్గా అదే. విచారించేవాళ్లున్న వాద్యం అది.

కెడెట్స్ పేరు మారిన వరస చూడండి, నా వాదన అర్థమవుతుంది. మొదట హోలీ నేమ్ కెడెట్స్, అంటే ఒక చర్చి. 1950ల చివర్లో చర్చితో బంధం తెగాక గార్ఫీల్డ్ కెడెట్స్, అంటే ఒక ఊరు. కొంతకాలం కెడెట్స్ ఆఫ్ బెర్గెన్ కౌంటీ, అంటే ఒక జిల్లా. ఆఖరికి ఒట్టి ‘ది కెడెట్స్’. చిరునామా న్యూజెర్సీ దాటి పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌కు పోయింది, అక్కణ్నుంచి ఈరీకి పోయింది. పేరులోంచి గుడి పోయింది, ఊరు పోయింది, జిల్లా పోయింది. ఆ దారిలోనే 1983 నుంచి 2011 మధ్య పది టైటిళ్లు వచ్చాయి. వాళ్ల సంగీతం గొప్పదని నేను కూడా ఒప్పుకుంటాను. 1980లలో ఆ బృందం నడుస్తూ మైదానం మీద గీసిన వంపు గీతలు ఈ కళనే మార్చేశాయి. కానీ 2024లో మూతపడినప్పుడు గార్ఫీల్డ్‌లో ఏ వీధికీ తమ పిల్లల బృందం పోలేదు. పాత సభ్యులు దేశమంతటా ఏడ్చారు. ఒక ఊరు మాత్రం ఏడవలేదు, ఎందుకంటే ఆ బృందానికంటూ ఒక ఊరు లేదు.

విడిపోవడాలు ఎందుకు జరిగాయో అందరికీ తెలిసిందే. వివరాల్లోకి వెళ్లను. జనం శివారు కాలనీలకు తరలిపోయారు. 1967లో అల్లర్లలో నెవార్క్ తగలబడింది. కొత్త తరం ఫాదర్లకు సైనిక కవాతు నచ్చలేదు, బృందాలకు చర్చి పెత్తనం నచ్చలేదు. రెవీర్‌లో ఇమాక్యులేట్ కన్సెప్షన్ రెవరీస్‌లోంచి 1968లో ట్వెంటీ సెవెంత్ లాన్సర్స్ పుట్టుకొచ్చింది. ఎంత అందమైన బృందమంటే, 1980లో లేక్ ప్లాసిడ్ చలికాలపు ఒలింపిక్స్‌లో ప్రదర్శన ఇచ్చింది, ఆ ఏడాదే జాతీయ పోటీలో రెండో స్థానంలో నిలిచింది. 1986లో మూతపడింది. ఈలోపు 1971లో మాజీ సైనికుల సంఘాల పెత్తనం కూడా వద్దనుకున్న 13 బృందాలు కలిసి డీసీఐ అనే సొంత సంస్థ పెట్టుకున్నాయి. 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో మొదటి ఛాంపియన్‌షిప్ జరిపాయి. ఆ 13లో గార్ఫీల్డ్ కెడెట్స్, బోస్టన్ క్రూసేడర్స్, లాన్సర్స్ మూడూ చర్చి గర్భంలోంచి వచ్చినవే. తమ సంగీతాన్ని తామే నడుపుకుంటామన్నారు. నడుపుకున్నారు. 1977లో రెండో వాల్వ్ వచ్చింది, 1990లో మూడోది వచ్చింది, 2000లో ఏ శ్రుతి బూరైనా సరేనన్నారు, 2004లో మైకులు వచ్చాయి, 2009లో సింథసైజర్లు వచ్చాయి. పెద్దాయన నింపకుండా వదిలేసిన ఆ రెండు అక్షరాల ఖాళీ ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. ఏ పిల్లాడైనా పాట మొత్తం ఒక్కడే ఊదగలడు.

ఇవాళ ఒక్కో పెద్ద బృందంలో 165 మంది దాకా ఉంటారు. 22 ఏళ్లలోపు వాళ్లు. దేశం నలుమూలల నుంచి, జపాన్ నుంచి కూడా విమానాల్లో వస్తారు. ఎంపిక శిబిరాలు ఉంటాయి. ఎంపికైతే వేసవి మొత్తానికి కట్టాల్సింది కొన్ని వేల డాలర్లు. పేరున్న బృందాల్లో ఐదు వేల పైమాటే. ఇందులో సగటు కుర్రాడు మ్యూజిక్ కాలేజీలో చదువుతున్నవాడు. ఒకప్పుడు ఇవే బృందాలు ఒక మ్యూజిక్ నోట్ కూడా చదవడం రాని మెకానిక్ కొడుకును చేర్చుకుని, వరస కంఠతా పట్టించి, మైదానం మీద నిలబెట్టాయి. దేశంలో వందల సంఖ్యలో ఉన్న బృందాలు ఇప్పుడు కొన్ని పదులకు వచ్చాయి. శిఖరం పెరిగింది, కొండ కరిగిపోయింది.

ఎదుటివాళ్ల మాటలో బలం లేదనను. ఆ పాత చర్చి బృందాల్లో చాలావాటిలో ఆడపిల్లలకు చోటు లేదు, ఉన్నా జెండాల దగ్గరే. వీధి పిల్లలు అంటే ఆ వీధుల్లో అప్పుడు ఐరిష్, ఇటాలియన్, పోలిష్ తెల్లపిల్లలే. ఫాదర్‌కు కోపం వస్తే బృందం మొత్తం రాత్రికి రాత్రి వీధిన పడేది. పైగా పిల్లల మీద ఫాదర్ల లైంగిక దాడులను బోస్టన్ చర్చి దాచిన గుట్టు 2002లో బయటపడ్డాక, పిల్లలను చర్చి కాపాడుతుందన్న మాట నేనే కాదు, ఎవరూ అనలేరు. అది నా వాదన కాదు. స్వతంత్ర బృందాలు కూడా పిల్లలను కాపాడలేకపోయాయని కెడెట్స్ కథ చెబుతూనే ఉంది. పిల్లలకు రక్షణ చట్టం వల్ల, నిఘా వల్ల, నోరు విప్పిన పిల్లల మాట నమ్మే పెద్దల వల్ల వస్తుంది. అది ఏ గొడుగు కిందైనా విడిగా కట్టుకోవాల్సిందే. నేను మాట్లాడుతున్నది ఆ గొడుగు ఎవరికోసం పరిచి ఉందన్నదాని గురించి.

క్రూసేడర్స్ గెలుపు నా వాదనను కొట్టేస్తుందని ఒక మిత్రుడన్నాడు. చర్చి వదిలినా బతికింది కదా, గెలిచింది కదా అని. గెలిచింది, సంతోషం. 1999 దాకా ఆ బృందం డీసీఐ ఫైనల్స్ గడప తొక్కలేదు. పాతికేళ్లకు పైగా చివరి వరసల్లో ఉండి కూడా మూతపడకుండా నిలబడింది. టైటిల్ లేకుండా అంతకాలం బతకడం ఎక్కడ నేర్చుకుందని అడగండి. గెలవకపోయినా వచ్చే మంగళవారం తాళం తీసి ఉంటుందన్న నమ్మకం హైడ్ పార్క్‌లో పుట్టిన బృందానికి ఉగ్గుపాలతో వచ్చిందని నేననుకుంటాను. గెలుపు కోసమే పుట్టిన బృందాలు ఒక్క చెడ్డ దశాబ్దాన్ని తట్టుకోలేక ఎన్ని పోయాయో.

ఇదంతా అమెరికన్ కతోలికుల గొడవ, మనకెందుకు అనుకునే తెలుగువాళ్లకు మా సీమ చెక్కభజన గుర్తు చేస్తాను. మా ఊరి రామాలయం పూజారికి చెక్కలు పట్టుకోవడం రాదు. ఊళ్లో చందాలు వేసి బయటి ఊరి నుంచి భజన గురువును పిలిపించేవాళ్లు. ఆయన మూడు నెలలో నాలుగు నెలలో ఊళ్లోనే ఉండేవాడు, పూటకో ఇంట్లో భోజనం చేసేవాడు. సాయంత్రం పొలం నుంచి వచ్చిన కుర్రాళ్లను రామాలయం ముందు గుండ్రంగా నిలబెట్టి అడుగులు నేర్పేవాడు. అడుగు తప్పితే చేతిలోని బెత్తం నేల మీద ఒక్కటే దెబ్బ. గజ్జెపూజ నాటికి ఊరంతా అక్కడే ఉండేది. తిరునాళ్లలో పక్కూరి బృందంతో పోటీ పడేవాళ్లు. నాకు అడుగులు సరిగా పడేవి కావు. అయినా నన్ను తీసెయ్యలేదు, చివరి వరసలో ఉంచారు. ఎందుకంటే నేను ఆ వీధి పిల్లాణ్ని. నన్ను తీసేస్తే మా నాన్న రామాలయం అరుగు మీద అడుగుతాడు. గార్ఫీల్డ్‌లో జరిగింది ఇదే, బేయోన్‌లో జరిగింది ఇదే.

న్యూజెర్సీలో మనవాళ్లు చేసింది ఇందుకు పూర్తిగా ఉల్టా. ఎడిసన్ చుట్టుపక్కల ఎన్ని గుళ్లు కట్టుకున్నాం, ఎన్ని సంఘాలు పెట్టుకున్నాం. రెండేళ్లకోసారి మహాసభలు జరుపుకుంటాం. సినిమావాళ్లను పిలిపించుకుంటాం. కానీ వారానికి రెండు సాయంత్రాలు, ఏడాది పొడవునా, డబ్బు తీసుకోకుండా, పరీక్ష పెట్టకుండా, ‘ఈ వీధి పిల్లలు మా పిల్లలు’ అని తాళం తీసి ఉంచే చోటు ఒక్కటి చూపించండి. మన పిల్లలకు సంగీతం ఉంది, నాట్యం ఉంది, తబలా ఉంది, గణితం ట్యూషన్ ఉంది. అన్నీ ఒక్కో టీచరమ్మ ఇంటి బేస్‌మెంట్లో, నెలకింతని కట్టి. ఒక క్లాసు నుంచి ఇంకో క్లాసుకు కారులో తిప్పడమే పెంపకం అయిపోయింది. తాహతు ఉన్నవాడి పిల్ల అరంగేట్రం చేస్తుంది. గ్యాస్ స్టేషన్లో రాత్రి షిఫ్టు చేసే తెలుగువాడి పిల్లాడు ఫోన్ చూసుకుంటూ అపార్ట్‌మెంట్లో కూర్చుంటాడు. ఆ పిల్లాడు ఏ సంఘం లెక్కలోనూ లేడు. వాణ్ని విచారించేవాళ్లు లేరు.

గుళ్లను నేను తప్పు పట్టేది భక్తి విషయంలో కాదు. నైపుణ్యం లేకపోతే దేనికీ పూనుకోకూడదన్న భయం విషయంలో. కమిటీలో ఇంజనీర్లు ఎక్కువ కాబట్టి ముందు ప్రణాళిక అడుగుతారు, సిలబస్ అడుగుతారు, నేర్పేవాళ్ల అర్హతలు అడుగుతారు. చర్చి హాలు తాళం తీసిన ఆ ఫాదర్లు ఇవేవీ అడగలేదు. ఎవరో ఒక మాస్టరు వచ్చి నేర్పుతానన్నాడు. ఎవరో ఒక తల్లి కుట్టుమిషన్ తెచ్చింది. తప్పులు చేశారు, వానలో తడిశారు, ఆఖరి స్థానాల్లో వచ్చారు. ఆ తప్పులన్నీ సహించగలిగింది ఆ హాలు సొంతగాడికి సంగీతం తెలియదు కాబట్టే.

ఈ సంవత్సరం మొదట్లో నేనే ఒక గుడి కమిటీని అడిగాను. కింది హాలు మంగళవారం సాయంత్రం రెండు గంటలు ఇవ్వండి, తీన్మార్ డప్పు నేర్పే కుర్రాడున్నాడు, పగలు గిడ్డంగిలో పనిచేస్తాడు, డబ్బు అడగడు, వచ్చిన పిల్లలందర్నీ చేర్చుకుంటాడు అని. మర్యాదగానే మాట్లాడారు. బీమా సంగతి ఉందన్నారు. శబ్దం సంగతి ఉందన్నారు. డప్పు గుళ్లో బావుంటుందా అని ఒకాయన అన్నాడు. ఆ మాటకు నేను ఆయనతో గట్టిగానే వాదించాను, అమ్మవారి జాతర డప్పు లేకుండా ఏ ఊళ్లో జరుగుతుందో చెప్పమని. చివరికి ఒక కార్యక్రమం లాగా ఉగాదికి పది నిమిషాలు ఇస్తామన్నారు. పది నిమిషాలు ఎవరికి కావాలి?

ఈ సంగతి చెబితే మా వీధి పెద్దాయన ఒక్కటే అడిగాడు. “తాళం ఎవరి దగ్గర ఉంటుంది?” మేనేజర్ దగ్గరన్నాను. “మా హాలు తాళం ఫాదర్ దగ్గర ఉండేది కాదు. ఎదురింటి ముసలామె దగ్గర ఉండేది. వెళ్లి తలుపు కొడితే ఇచ్చేది” అన్నాడు.

మొన్న మంగళవారం సాయంత్రం ఏడింటికి దర్శనానికని వెళ్లి, మెట్లు దిగి కింది హాలు చూశాను. లైట్లు వెలుగుతున్నాయి. మడత కుర్చీలు గోడకు ఆనించి వరసగా పెట్టి ఉన్నాయి. నేల అద్దంలా తుడిచి ఉంది. మనుషులెవరూ లేరు.